మెడ ముక్క

ఆగస్టులో పెందుర్తి నుంచి తెచ్చాను దాన్ని,
రెండు నెలల పిల్ల,
బియ్యం సంచిలో, తల బయటకి పెట్టి.
కండక్టరు దానికీ అర టిక్కెట్టు కొట్టాడు.
"ఏటమ్మా ఇది, రాబందు పిల్లా?" అన్నాడు వెనక సీటాయన.
టర్కీ కోడి, క్రిస్మస్‌కి అన్నాను.
బస్సంతా ఒకసారి తిరిగి చూసింది.

జ్ఞానాపురంలో మా డాబా మీద
పొద్దున్నే పోర్టు బొగ్గుపొడి దిగుతుంది.
ఆరేసిన తెల్లచీర మధ్యాహ్నానికి బూడిద రంగు.
అక్కడే పెరిగింది.
నూకలు, తవుడు, తరిగిన ఉల్లికాడ,
హార్బరు నుంచి ఇన్నాసి తెచ్చే కవళ్ళ తలకాయలు.
వాన పడ్డ రాత్రులు వంటింట్లో గంప కింద పడుకోబెట్టాను,
తడిస్తే చస్తుందన్నారని.
అక్టోబరు దాటేసరికి
అదే మమ్మల్ని డాబా ఎక్కనివ్వడం మానేసింది.

గూడ్సు బండి కూత వేస్తే చాలు
గొంతులోంచి గడగడా జవాబు.
కోపమొస్తే మెడ తోలు ఎర్రన,
బెదిరితే నీలం,
ఒక్కోసారి ఎందుకో తెల్లగా పాలిపోయేది.
"నీకంటే నయమే, దీని మొగం చూస్తే తెలిసిపోద్ది"
అన్నాడు ఇన్నాసి.
పక్కింటి డొమినిక్ పేరు పెడతానన్నాడు.
వద్దన్నాను.
వాడు లోలోపల పెట్టేసుకున్నాడు,
ఏం పేరో ఇప్పటికీ చెప్పడు.

ఎందుకింత తంటా అంటే, మా అమ్మమ్మ శౌరమ్మ.
వాల్తేరులో రైల్వే దొరల బంగళాలో వంటమనిషి.
ప్రతి డిసెంబరూ ఒక టర్కీని
కోసి, పీకి, కాల్చి, వెండి పళ్ళెంలో పెట్టి
భోజనాల గది తలుపు దాకా మోసేది.
తలుపవతల సంగతి ఆవిడకి తెలీదు.
ఇంటికి వచ్చేవి కాళ్ళూ మెడా, కాగితంలో చుట్టి.
"మెడే రుచి. దొరలకేటి తెలుసు" అనేది.
అమ్మ తల దించుకునేది.
నేనైతే ఏనాడూ నమ్మలేదు.

ఇరవైమూడు రాత్రి నుంచి మేత ఆపాను,
నీళ్ళు మాత్రం పెట్టాను.
మర్నాడు తెల్లారకుండా
ఇన్నాసి కాళ్ళు పట్టుకున్నాడు, మొహం అటు తిప్పుకుని.
కత్తికి ముందురోజే సాన పట్టించాను.
ఏమనాలో తెలీక
రోజూ మేతకి పిలిచినట్టే
"దా దా దా" అన్నాను.
తలెత్తి నా వైపే చూసింది.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

నీళ్ళు తెర్లకూడదు, తోలు ఊడొస్తుంది.
వేలు ముంచి చటుక్కున తీసేంత వేడి చాలు.
ఈకలు రెండు బకెట్లు.
మిగిలిన నూగు గడ్డిమంట మీద తిప్పి,
పసుపు రాసి కడిగి, కందనకాయ చీరాను.
లోపల బొగ్గు పలుకులు, నీలం గాజుపెంకు,
లారీలు జార్చిన ఇనుపరాయి గుళ్ళు,
ఒక చొక్కా గుండీ.
ఇన్నాళ్ళూ ఊరిని నూరుకుంటూ బతికింది మా ఇంట్లో.
గుండీ కడిగి డొమినిక్‌కి ఇచ్చాను.
జేబులో వేసుకున్నాడు, మాట్లాడలేదు.

అమ్మమ్మలా నిండుగా కాల్పిద్దామని
సైకిలు వెనక కట్టి, చావులమదుం మీదుగా
బేకరీకి తీసుకెళ్ళాడు ఇన్నాసి.
ట్రేలో పట్టలేదు, పొయ్యి నోట్లోనూ దూరలేదు.
"దీనికి పొయ్యి కాదు గురువా, గది కావాల"
అన్నాడు మేస్త్రి.
వెళ్ళిన దారినే తిరిగొచ్చింది.
ముక్కలు కొట్టి, అల్లం, వెల్లుల్లి, ధనియాలు, గసాలు,
పెద్ద గుండిగలో ఇగురు పెట్టేశాను.

అర్ధరాత్రి పూజ అయ్యి వచ్చాక
పద్నాలుగు మందిమి చాపల మీద.
రొమ్ము ముక్క, అన్నిట్లోకీ పెద్దది,
ముందు నా కంచంలోనే వేసుకున్నాను.
చుట్టాలు చూశారు. చూడనీ.
శౌరమ్మ పేరున మొదటి ముద్ద.

పీచు. ఒట్టి కొబ్బరి పీచు.
నమిలాను, నమిలాను, నీళ్ళు తాగాను.
అందరూ కేకు వైపు తిరిగినప్పుడు
గుండిగ అడుగున గరిట తిప్పి
మెడ ముక్క వెతికి
ఎముక సందుల్లోంచి జుర్రుకున్నాను.

అమ్మమ్మా,
నువ్వు అబద్ధమాడలేదే.