మూడో తారీకు

పర్సుల ఒక్కటే కార్డు. బూడిద రంగుది.
దాంట్ల నాది ఒక్క రూపాయి లేదు.
జీతం పడే నీలి కార్డును
బియ్యం డబ్బా అడుగున గుడ్డల చుట్టిపెట్టిన.
బూడిదదే నా ఎంబడి తిరుగుతది
కాజీపేట పెట్రోలు బంకుకు,
నక్కలగుట్ట మందుల దుకాణానికి,
పిల్లగాని బూట్లకు, ఉప్పుకు, సబ్బుకు.

ముందుగాల ఇట్ల లేకుండె.
రెండేండ్ల కింద హంటర్ రోడ్డు ఏటీఎంల
నీలి కార్డు పెట్టి రెండువేలు తీసుకున్న.
తెల్లారుగట్ల ఫోను మూడుమాట్ల గుర్రుమన్నది.
నేనెన్నడు చూడని ఊర్ల, నేను పండుకున్న యాళ్ల
నా పద్దెనిమిది వేలు నడుసుకుంట పోయినయి.
ఆ దినమే చిట్టి కట్టాలె.
బ్యాంకుల ఒక ఫారం. దాని మీద ఇంకో ఫారం.
విచారణ డెబ్బై దినాలు నడిచింది,
అన్ని దినాలు నా ఇల్లు సుత నడవాలె గద.

పింఛన్ల దగ్గర కూసునే సుజనమ్మ మేడం
అద్దం కిటికీల నుంచి మెల్లగ చెప్పింది:
"డెబిట్ పోతె నీ పైసలు పోయినట్టు, నువ్వు ఉరకాలె.
క్రెడిట్ పోతె మావి పోయినట్టు, మేం ఉరుకుతం."
గా ఒక్క మాటకు దస్కతు పెట్టిన.

మా బాపు ఉంటె నవ్వుతుండె.
ఎనుమాములల మిర్చి బస్తాలు మోసిన మనిషి.
మట్టెవాడల సారంగపాణి సేటు దగ్గర
ఎర్రబట్ట అట్ట పొడుగు బుక్కుల
"హమాలి ఓదెలు" అని ఒక పేజీ.
నూనె సీస పట్టుకొని నేను పోతె
సేటు కండ్లద్దాల మీదికెల్లి చూసి
ఎన్కనున్నోళ్లందరు ఇనేటట్టు అంటుండె:
"నాయినకు చెప్పు, రెండువందలు దాటింది."
సీస చేతుల, రెండువందలు నెత్తి మీద.
అట్లనే ఇంటిదాక నడిచేది.

ఇప్పుడు నా ఉద్దెర లక్షా ఇరవై వేల దాక పోవచ్చట.
ఎవ్వరు ఏమనరు.
మిషను చిన్నగ కూత పెడతది,
కౌంటర్ల పిల్ల థాంక్యూ మేడం అంటది.
గా థాంక్యూకే నాకు భయం.

అందుకే నోటుబుక్కు కొన్న.
కార్డు తోటే కొన్న, మొదటి పద్దు అదే:
నోటుబుక్కు, నలభై ఐదు.
రాత్రి గిన్నెలు తోమినంక రాస్త.
కంది పప్పు. గ్యాసు. దగ్గు మందు.
ఎవరిదో పెండ్లికి స్టీలు బిందె.
నడుమ నడుమ సేటు గొంతు తెచ్చుకొని
నాకు నేనే చెప్పుకుంట,
"స్వరూపా, తొమ్మిదివేలు దాటింది."

పద్దెనిమిదిన బిల్లు. మూడున గడువు.
ఒకటిన జీతం.
గా నడుమ రెండు దినాలే నేను ఉన్నోళ్లల్ల ఉంట.

బిల్లు మీద ఒక మాట ఉంటది,
"కనీసం చెల్లించవలసినది: ఆరువందల పది."
ఎంత మర్యాద!
గా మర్యాదనే మా ఆడిబిడ్డను ముంచింది.
ఫ్రిజ్జు కొన్నది, కనీసం కట్టింది,
మల్ల కనీసం కట్టింది.
ఫ్రిజ్జు ఖరాబై పాత సామాన్లోనికి పోయింది,
అప్పు మాత్రం ఇంకా చల్లగ, చెడిపోకుంట ఉన్నది.
నేను మొత్తం కడత. పైసల తోని సహా.

నిన్న చింతపండుకు మట్టెవాడ పోయిన.
సేటు చెయ్యి వణుకుతుంది ఇప్పుడు.
కార్డు తీసిన.
"గీకుతె నూటికి రెండు కోస్తరు బిడ్డా,
చింతపండు మీద నాకు మిగిలేదే గంత."
కొడుకు అంటించిన స్కాను బొమ్మ ఉన్నది గాని
నా ఫోనుల చార్జింగు సచ్చింది.
నోట్లు లేవు. నీలి కార్డు బియ్యంల ఉన్నది.

"రాసుకుంట తియ్" అన్నడు.
అదే పొడుగు బుక్కు. అట్ట మారింది.
పేరడగలె.
కండ్లద్దాల మీదికెల్లి ఒకసారి చూసి
"ఓదెలు బిడ్డ, డెబ్బై" అని రాసిండు.
ఎన్క ఎవ్వరు లేరు.
అయినా నేను మెల్లగ నడిచిన,
నెత్తి మీద ఏదో ఉన్నట్టు.

రాత్రి నా బుక్కుల సుత ఎక్కించిన.
చింతపండు, డెబ్బై.
గడువు అన్న గడి దగ్గర
ఏం రాయాల్నో తెల్వక
పెన్ను పట్టుకొని కూసున్న.