రెండు గంటల పది నిమిషాలు

ఎండుచేపల తట్ట బడి గుమ్మంలో దించి
దాలమ్మ అడిగింది:
"మేస్టారూ, ఇక్కణ్ణించి డిగ్లీపూరు ఎంత దూరం?
ఓడ మీద కాదు.
కాకి ఎల్లినట్టు."

అట్లాసు తీశాను.
చెదలు తిన్నది ఆస్ట్రేలియా మూల,
మన సముద్రానికి ఢోకా లేదు.
దారం కావాలంటే కొంగుముడి విప్పి
వల అల్లే నైలాను పోగు ఇచ్చింది.
ఒక కొస ఉద్దానం మీద నా బొటనవేలు,
రెండో కొస అండమాన్ల నెత్తిన ఆమె చూపుడువేలు.
మధ్యలో అంతా నీలం.
హెచ్చవేత ఒకసారి తప్పింది. మళ్ళీ వేశాను.
వెయ్యి తొంభై కిలోమీటర్లు.
పంకాల చిన్న విమానం, గంటకి ఐదొందలు అనుకుంటే
రెండు గంటల పది నిమిషాలు.

"అంతేనేటి?
కుంచెడు జీడిపిక్కలు కాల్చి ఒలిసినంత సేపు!"

ఆమె తమ్ముడు పోలారావు వెళ్ళిన దూరం వేరు.
పలాసలో రైలు,
విశాఖలో టిక్కెట్టు కోసం తొమ్మిది రోజులు
రేవు గోడ పక్కన పడక,
మూడు రాత్రుళ్ళు ఓడ అడుగున వాంతులు,
పోర్ట్ బ్లెయర్‌లో దిగాక అడవిలోంచి ఒక పగలంతా బస్సు.
పదకొండేళ్ళయింది.
ఈ అట్లాసు స్కేల్లో
సెంటీమీటరుకి ఎన్ని పడకలో రాయలేదు.

నిజం చెప్పాలి కదా, చెప్పాను:
అక్కడున్న రన్‌వే నేవీవాళ్ళది, మనల్ని ఎక్కించుకోరు.
ఇక్కడ రన్‌వేయే లేదు.
పసుపు రంగు పూసిన రాళ్ళున్నాయి, అంతే.
లేని విమానానికి
నిమిషాలతో సహా టైము చెప్పిన మేస్టార్ని నేను.

దాలమ్మ వేలు తియ్యలేదు.
"ఆ రాళ్ళు మూడు నా తోటలోనే పాతీసినారు బావూ.
తిత్లీకి తోటంతా పడిపోనాక
బిందెల్తో నీళ్ళు మోసి పెంచిన జీడిమొక్కలు.
ఈ ఏడే పూత కట్టినాయి.
ఇమానం దిగాలంటే తోట ఉండకూడదు.
తోట లేకపోతే నానిక్కడుండను.
అప్పుడు ఈ కొస
ఏడ నొక్కుతారు?"

నా బొటనవేలి కిందకి చూసుకున్నాను.
గోరు మూడు మండలాల్ని కప్పేసింది.

పక్క గదిలో ఎక్కాలు చదువుతున్నారు,
పదమూడో ఎక్కం దగ్గర అందరూ నీరసపడ్డారు.
నాకు ఏ జవాబూ రాలేదు.
ఆమే అడిగింది మళ్ళీ,
"సగం దూరం ఏడొస్తాది?"
పోగు మడిచి చూపించాను. గంటా ఐదు నిమిషాలు.
అక్కడ వేలితో రెండుసార్లు కొట్టింది,
మూత బిగిసిందో లేదో చూసినట్టు.
"ఇంతవరకూ మావోలు ఏటకెల్లనేదు," అంది.
"ఆడు ఆపక్కనుంచీ రాలేదు."

పోగు మళ్ళీ కొంగున ముడేసుకుంది. నైలాను ఊరికే రాదు.
నాకో గుప్పెడు నెత్తళ్ళు పెట్టి,
డబ్బులొద్దని, తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.
రాళ్ళ దారినే వెళ్ళాలి ఆమె ఇంటికి.

మర్నాడు ఏడో తరగతిలో
అట్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని
మడ్డు ధనుంజయ లేచాడు.
"సార్, సముద్రం నడిమధ్యన
చేపల వాసనేస్తున్న ఈ దీవి పేరేంటి సార్?"