స్థిర నివాసం

మా ట్రైలరు గన్నేశు వెల్డింగు షాపులో పుట్టింది,
ద్రాక్షారం వెళ్ళే రోడ్డు పక్కన.
ఇరుసు పాత అంబాసిడరుది,
కమ్ములు మూతబడ్డ రైసుమిల్లు గేటువి,
రెండు టైర్లకీ రెండు వయసులు.
మూడంతస్తుల తడికెల గూడు కట్టి
నాలుగు వందల బాతుల్ని ఎక్కిస్తే
జీపు వెనక ఓ ఊరే కదిలొస్తున్నట్టుండేది,
ఊరంతా ఒకేసారి మాట్లాడుతూ.

నంబరు లేదని
ఆలమూరు దగ్గర ఓసారి ఆపారు, గుడ్లు తీసుకున్నారు.
మండపేట దగ్గర ఓసారి ఆపారు,
గుడ్లు వద్దన్నారు.

"యానాంలో చేయించెయ్. పన్ను తక్కువ,"
అన్నాడు మా తోడల్లుడు జోగినాథం.
"అదీ గౌతమి ఒడ్డేగా?"
"ఒడ్డు అదే. రాష్ట్రం వేరు.
రాష్ట్రం కూడా కాదులే, అదేదో పాలిత ప్రాంతం."

ఇంజరం దాటాక గీత కోసం చూశాను రోడ్డు మీద.
గీత లేదు. బ్రాందీ షాపులు మొదలయ్యాయి.
పోలీసు నెత్తిన టోపీ ఎర్రబడింది.
టీ మాత్రం అదే టీ,
గ్లాసు అడుగున అదే కరగని పంచదార.

ఆఫీసులో కళ్ళజోడు అమ్మాయి తలెత్తకుండా అడిగింది,
"సొంతానికా, కిరాయికా?"
"బాతులకండి."
నవ్వలేదు. సొంతానికి అని రాసుకుంది.
ఛాసిస్ నంబరు? లేదండి.
తయారుచేసిన కంపెనీ? గన్నేశండి.
ఎప్పుడు? దాళ్వా కోతల ముందరండి.
స్థిర నివాసం?

అక్కడ నా నోరు పడిపోయింది.

సార్వా కోశాక కాజులూరు మళ్ళల్లో
రాలిన గింజల వెంట ఉంటాం.
దాళ్వా అయితే కపిలేశ్వరపురం వైపు.
కాలవలు కట్టేశాక ఎక్కడ బురద మిగిలితే అక్కడ.
రైతు వెళ్ళిపొమ్మనేదాకా ఒక చేను,
నత్తలు అయిపోయేదాకా ఒక బోదె.
పెద్దాడు పుట్టింది పామర్రు లాకుల దగ్గర.
చిన్నది ఎక్కడ పుట్టిందో
మా ఆవిడా నేనూ ఇప్పటికీ తగువాడుకుంటాం.
రేషను ఒక ఊళ్ళో, ఓటు ఇంకో ఊళ్ళో.
ఇదంతా పట్టేంత గడి కాదది,
బొటనవేలంత ఉంది.

జోగినాథం సంచీలోంచి కాగితం తీశాడు.
కనకాలపేటలో పెంకుటిల్లు,
ఏడాదిగా నేను అద్దెకుంటున్నట్టు.
ఆ ఇంట్లో పడుకున్నది ఒక్క రాత్రి,
అదీ అరుగు మీద, దోమలకి నన్నప్పగించి.
స్టాంపు కాగితం మీద
నలభై ఏడేళ్ళకి మొదటిసారి స్థిరపడ్డాను.

మూడు తడవలు తిప్పారు.
ఇనప కమ్మి మీద సుత్తితో అంకెలు కొట్టించారు,
ఆ చప్పుడుకి బాతులు ఒక్కసారిగా నోళ్ళు మూశాయి.
నంబరు రాయించుకుని వస్తుంటే
మా ఆవిడ వెనక్కి తిరిగి తిరిగి చూసింది,
కొత్త పుస్తెలు అద్దంలో చూసుకున్నట్టు.

ఎదుర్లంక వంతెన దిగగానే మళ్ళీ ఈల.
ఈసారి టోపీ ఖాకీది.
"వేరే రాష్ట్రం బండికి ఇక్కడేం పని?"
మొన్న నంబరు లేదన్నారు,
ఇవాళ ఈ నంబరేమిటంటున్నారు.
"ఏడాది దాటితే ఇక్కడా పన్ను కట్టాల. తెలుసా?"
"ఏడాది ఒక చోటుంటే కదండీ," అన్నాను.
వెటకారం అనుకున్నాడు.
నేను నిజమే చెప్పాను. నాలుగు వందల మంది సాక్షులు
గొంతు చించుకుని చెప్పారు.
ముక్కు మూసుకుని పొమ్మన్నాడు.

సాయంత్రం మురమళ్ళ దగ్గర గూడు తలుపు తీశాం.
కొన్ని మురుక్కాలవ పట్టుకుని గౌతమిలోకి జారాయి.
మా ఆవిడ గట్టున నుంచుని
గొంతు పోయేదాకా పిలిచింది.
చీకట్లో లెక్క పెడితే ఆరు తక్కువ.
నది మధ్యలో ఎక్కడుందో ఆ గీత,
అవి దాన్ని కాళ్ళతో వెనక్కి తోసుకుంటూ పోయుంటాయి.

పొద్దున్నే నాలుగు వచ్చాయి, వళ్ళు దులుపుకుంటూ.
రెండు అటే ఉండిపోయాయి,
అద్దె కాగితం లేకుండా.