కాగితం బల్ల

నవంబరు. మధ్యాహ్నం మూడున్నరకే దీపాలు.
థోర్కిల్ పాత వార్తాపత్రికలు నేలమీద పరిచి
అంచులకు జిగురు పట్టీ అంటించాడు.
పొడవు నూట తొంభై, వెడల్పు తొంభై.
"ఇదీ మన బల్ల" అన్నాడు.

అసలుదాన్ని రేవు పక్క గోదాములో చూసొచ్చాం.
టేకు. కాళ్ళు కిందికి పోయేకొద్దీ సన్నబడి
చన్నీళ్ళలో పెట్టిన బొటనవేలిలా
నేలను తాకీ తాకనట్టు.
అంగడి ఐనార్ దాని కింద దూరి
మమ్మల్నీ దూరమన్నాడు:
"పైభాగం కొనేవాడి కోసం.
వడ్రంగి సంగతి అడుగున తెలుస్తుంది."
ఒక్క మేకు లేదు. కొయ్యలో కొయ్య
మాట పట్టింపు లేని మొగుడూపెళ్ళాల్లా ఒదిగి ఉంది.
మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

"మామూలు రోజు ఎంతమంది తింటారు?" అని అడిగాడు.
నేను "ఇద్దరం" అన్నాను.
అదే క్షణంలో థోర్కిల్ "ఆరుగురు" అన్నాడు.
ఐనార్ ధర చెప్పాడు.
నేను చలికోటు గుండీలు పెట్టుకున్నాను.

అందుకని ముందు కాగితం.
వారం రోజులు సూపు గిన్నె పట్టుకొస్తూ
లేని మూల తగలకుండా నడుం తిప్పాను.
రాత్రి మంచినీళ్ళకు లేచిన థోర్కిల్
అంచు తొక్కి "క్షమించు" అన్నాడు,
చీకట్లో ఎవరితోనో.
పిల్లి మాత్రం రెండో రోజే
క్రీడల పేజీ తనదని తేల్చుకుంది.

ఆదివారం కింది వాటా సిల్లె వచ్చింది, రంగు పెన్సిళ్ళతో.
ఆరేళ్ళ పిల్లకు బల్ల అంటే బల్లే.
బోర్లా పడుకుని కంచాలు గీసింది,
కంచానికో హెర్రింగు చేప, ఒక రై రొట్టె ముక్క.
ఇక్కడెవరు? విబెకె. అంటే నేను.
ఇక్కడ? థోర్కిల్.
ఇక్కడ అతని కొడుకు, కోడలు. ఇక్కడ మా అక్క.
మరి ఇక్కడ?
కిటికీలో ట్రాము ఒకటి వెళ్ళిపోయింది.
"సోల్వై" అన్నాడు.

మూడేళ్ళుగా ఫోను ఎత్తని కూతురు.
ఈ ఇంట్లో ఆ పేరు పైకి వినిపించడం
అదే మొదలు.
సిల్లె వర్ణక్రమం అడిగింది.
ఒక్కో అక్షరమూ చెప్పాడు,
వేడి గిన్నెలు అందిస్తున్నట్టు, మెల్లగా.

శనివారం మళ్ళీ వెళ్ళి
"అడుగున దాచిన రెక్కలు ఎలా లాగాలో చూపించండి" అన్నది నేనే.
లాగాడు. చిన్న నిట్టూర్పు లాంటి చప్పుడు.
బల్ల కంటే రెక్కలు ముదురు రంగులో ఉన్నాయి.
"ఎండ చూడలేదు కదా,
ఎవరూ వాటి మీద భోంచెయ్యలేదు.
బయట ఉంచండి. ఏడాదో, రెండేళ్ళో,
రంగులు దగ్గరికొస్తాయి.
పూర్తిగా కలుస్తాయని మాటివ్వను."

మెట్లమీద మలుపు తిరగలేదు.
మూడో అంతస్తుకి కిటికీలోంచి తాళ్ళతో ఎక్కించారు.
వీధంతా తలెత్తి చూసింది,
గాలిలో మా బల్ల కాళ్ళు.

సిల్లె వచ్చి దాని నున్నటి ముఖం నిమిరి
"కంచాలేవీ?" అంది.

ఇద్దరమే తింటున్నాం. రెక్కలు లాగే ఉంచాం.
ఈ దేశపు డిసెంబరు ఎండ ఎంతని,
వచ్చినంత సేపు ఆ చివరన పడుతుంది.
కాగితం మడిచి సొరుగులో పెట్టాడు థోర్కిల్.

కుర్చీలు ఇంకా కొనలేదు.
వాటి తగువు వేరే.