చివరి మడికి నీళ్లు

ఈ ఇంటికొచ్చిన తొలివారం
ఆయమ్మ నాకు మూడు మాటలు నేర్పింది.
మాయ్ అంటే నీళ్లు. మిలెహ్ అంటే ఉప్పు.
మూడోది శ్వయ్ శ్వయ్,
పళ్లెం జారవిడిచినప్పుడల్లా అనేది, తిట్టకుండా.
నిమ్మళంగా అని
నాకు నేనే అర్థం చేసుకున్నా.

నా పేరు ఓబుళమ్మ. ఆయమ్మ నోట్లో అది ఉబ్లా.
జహ్రాలో ఈ వీధి వీధంతటికీ ఇప్పుడు నేను ఉబ్లానే.

మొదటిది అందరికీ కనపడింది.
రంజాన్ ముందు, తెల్లారి నమాజుకు లేస్తే
మూతి ఒక పక్కకు, ఎడమచెయ్యి తడిగుడ్డ.
అంబులెన్సు, ఆస్పత్రి, ఆరుగురు కూతుళ్లు.
మూడు నెలలకు చెయ్యి లేచింది.
రెండు పొట్టేళ్లు కోసి పంచిపెట్టారు.
గండం గడిచిందనుకున్నాం.

తర్వాతవి చప్పుడు చేయలేదు.

ఒకరోజు గహ్వా కాయబోయి
యాలకులు గుప్పిట్లో పట్టుకుని నిలబడిపోయింది
ముందు నీళ్లా, ముందు పొడా అని.
యాభై ఏళ్లు కాచిన చెయ్యి.
ఆ పైన నాలుగు నెలలు బాగానే ఉంది.
మళ్లీ ఒక పొద్దున, నన్ను నిలంతీ అంది,
ఎప్పుడో వెళ్లిపోయిన సింహళం పిల్ల పేరు.
వాలు మీద జారినట్టు కాదు ఇది.
ఒక మెట్టు. కొన్నాళ్లు నిలబడటం.
ఇంకో మెట్టు.
ఉన్నట్టుండి ఏడుపు, కన్నీళ్లారకముందే నవ్వు.

డాక్టరు ఫిల్ము ఎత్తి కొడుక్కి ఏదో చెప్పాడు.
నర్సు లిస్సీ నాకు వచ్చీరాని హిందీలో విడమరిచింది:
ఈ తెల్లచుక్కలన్నీ చిన్న చిన్న స్ట్రోకులు,
ఎవరికీ చెప్పకుండా వచ్చిపోయినవి.
రక్తం అందనిచోట మెదడు చచ్చిపోతుంది.

మా నాయన మడి గుర్తొచ్చింది నాకు.
పెనగలూరు కాలువకింద అందరికంటే చివరిది.
పైన ఎవడో అడ్డకట్ట వేసుకునేవాడు, రాత్రిపూట.
మేం చూసేలోపు పైరు మాడిపోయేది.

ఉప్పు ఎవరు పెడుతున్నారు, అన్నాడు డాక్టరు.
గమ్మున తల దించుకున్నా.
ఊరి నుంచి వచ్చిన మామిడికాయ ఊరగాయ,
రాత్రి, తలుపేసి, మేమిద్దరమే.
ఒక్క ముక్క. ఆయమ్మ వేళ్లు నాకేది.
ఆ సాయంత్రమే దిండు కింద
మింగని మాత్రలు పదకొండు దొరికాయి.
ఊరగాయొక్కదానిదే తప్పు కాదులే, ముప్పై ఏళ్ల బీపీ, అంది లిస్సీ.
నాకు నమ్మకం కుదరలేదు. ఇప్పటికీ.
నా చేతికీ పట్టీ చుట్టింది తను.
అంకె చూసి మాట్లాడలేదు,
చీటీ మీద ఒక మాత్ర పేరు రాసిచ్చింది.

ఇప్పుడు మాటలు నేనే తిరిగి ఇస్తున్నా.
గ్లాసు ఎత్తి, మాయ్ అంటా.
మిలెహ్ మాత్రం అనను.
కొన్ని అందుకుంటుంది. కొన్ని
మెత్తగా పిసికిన అన్నంలా పెదవి దాటి జారిపోతాయి.

నిన్న స్నానాలగదిలో నాకు కళ్లు తిరిగాయి.
గోడ పట్టుకుని తడినేల మీదే కూలబడ్డా.
చక్రాల కుర్చీలోంచి చూసింది ఆయమ్మ.
పేరు రాలేదు, నాదీ, నిలంతిదీ.
పెదాలు చాలాసేపు వెతికాయి.
నిమ్మళంగా, అంది.

రెండేళ్లుగా ఆయమ్మను నడిపిస్తూ
నాలో నేను గొణుక్కునే మాట.
నేర్పాలని నేర్పింది కాదు.

పరుగెత్తుకొచ్చిన పెద్దకూతురు అడిగింది,
ఏమంటోంది మా అమ్మ, ఏం భాష అది?

శ్వయ్ శ్వయ్, అన్నాను.