బలపం రాయి

తాడిపత్రి పాత బస్టాండు వెనక
ఆరున్నరకి మా ల్యాబు షట్టరు లేపుతా.
పరగడుపున వచ్చేవాళ్ళు అప్పటికే మెట్లమీద ఉంటారు
చేతిసంచిలో ఇడ్లీ పొట్లం దాచుకొని,
సూది తీయంగనే తినేదానికి.

ఈ పొద్దు మొదటి మనిషి దూదేకుల హుస్సేనప్ప.
వయసెంత అంటే
"నీకు తోచింది రాసుకోమ్మా" అన్నాడు.
అరవై ఒకటి రాసినా.
రబ్బరు పట్టీ బిగించి ఎంత తట్టినా నరం తేలలేదు.
చెయ్యి మాత్రం వింత నునుపు,
సబ్బు రుద్ది కడుక్కోవడం మర్చిపోయినట్టు.
"రాయి కోసిన చెయ్యి" అన్నాడు, నా అనుమానం కనిపెట్టి.
"బలపం రాయి. ముప్పై రెండేండ్లు."

నాది యాడికి.
ఏ ఊరంటే యాడికని చెప్పి
యాడికేంది అని మళ్ళీ అడిగించుకునే ఊరు.
ఆ బడిలో నా బలపం
పలక మీద కంటే కడుపులోకే ఎక్కువ పోయింది.
మా యమ్మ వాతలు తేలేటట్టు కొట్టింది.
అవ్వ మాత్రం,
"ఒంట్లో ఏందో తక్కువై తింటాంది, ఇడిసిపెట్టు" అనింది.
ఈయన కోసిన ముక్కలేనేమో అవి.
అడగలేదు. అడిగితే సిగ్గు.

కర్నూలు కంటి డాక్టరు చీటీలో
రెండు కండ్లకీ లేజరు, ఎడమదాంట్లోకి సూది అని ఉంది.
అన్నిటికంటే కింద, గుర్తొచ్చి రాసినట్టు వంకరగా:
మెగ్నీషియం చూడండి.

"చక్కెర చూస్తారు, ఉప్పు చూస్తారు. ఇదేంది కొత్తగా?"
చెప్పినా, నాకు తెలిసినకాడికి:
చక్కెర ఎక్కువై ఒంటికి పోయేటప్పుడు
దీన్ని గూడా ఎంటబెట్టుకొని పోతుంది.
ఇది తగ్గినోళ్ళకి కంటితెర తొందరగా చెడుతుందని కొందరంటారు.
గట్టిగా చెప్పలేమనేవాళ్ళూ ఉన్నారు.

"యాడుంటాది ఇది?"
కొర్రల్లో, సద్దల్లో, సెనిక్కాయల్లో, ఆకుకూరల్లో.
ఒక్క నిమిషం ఆగి అనేసినా,
రాళ్ళల్లో గూడా. మీ బలపం రాయి నిండా అదే.

ఇడ్లీ పొట్లం విప్పుతా ఉన్న చెయ్యి ఆగింది.
"లారీలకు లారీలు ఎత్తినానే" అన్నాడు.
"రంపం కాడ కూచుంటే
సంగటి ముద్ద మీద తెల్లగా పేరుకునేది.
ఊదుకొని తినేవాణ్ణి.
దగ్గితే తెల్లగా, తుమ్మితే తెల్లగా.
ఇంటికి పోతే నా బిడ్డ పిండిమర నాయన అనేది.
అంత మింగినా చాల్లేదంటావా?"

ఊపిరిలోకి పోయింది నెత్తురికి అందదు పెద్దాయనా.
ఆ మాట బయటికి అన్లేదు.
గొట్టం మీద పేరు అంటిస్తా నిలబడినా.

తనే మాట మార్చినాడు.
ఎడమకన్ను ఎట్లుందో చెప్పినాడు:
"తుడిచీ తుడవని పలక మాదిరి.
కాకుంటే తిరగేసిన పలక,
తెల్లదాని మీద నల్ల గీతలు.
తల తిప్పితే అవి గూడా తిరుగుతాయి,
నేను ఆగినాక ఇంగొంచేపు తిరిగి ఆగుతాయి."

మధ్యాన్నం కరెంటు పోయి వచ్చింది.
మిషను మళ్ళీ మొదటినుంచీ నీళ్ళు తాగి, గురగురలాడి,
నాలుగు గంటలకి అంకె కక్కింది.
ఉండాల్సినదానికి చాలా కింద.
రెండోసారి పెట్టి చూసినా. అదే.
మిగిలిన మందులో నా నెత్తురు గూడా చుక్క వేసి చూసుకున్నా.
ఎంతొచ్చిందో ఎవరికీ చెప్పను.

సాయంత్రం ఒక్కడే వచ్చినాడు, గోడ పట్టుకొని.
కాగితం ముక్కుకి ఆనేంత దగ్గర పెట్టుకొని
కుడికన్ను మూసి, ఎడమది మూసి,
మళ్ళీ కుడిది మూసి:
"పన్నెండా?
పన్నెండంటే మేలే గదా?"

పన్నెండు కాదు పెద్దాయనా,
ఒకటి పాయింటు రెండు.
మధ్యలో చుక్క ఉంది చూడు.

"చుక్కలకేం తక్కువ నాకు" అన్నాడు,
"బోలెడు కనపడతాండాయి.
ఏది కాగితందో ఏది నాదో
నువ్వే చెప్పాల."

కాగితం వెనక్కి తీసుకొని
బాల్‌పెన్నుతో ఆ ఒక్క చుక్కని
అదిమి అదిమి
లావు చేసి ఇచ్చినా.