పన్నెండు ఫీట్లు

కొత్తవాడల మా ఇంటి గోడ మీద
ఎర్ర రంగుతోని ఓ బాణం గీసిండు చైన్‌మెన్.
పక్కన పన్నెండు అని రాసిండు.
టేపు పట్టిన పోరడు చెప్పులిడువకుంట లోపటికొచ్చిండు.
మగ్గం గుంతల నా కాళ్లున్నయ్, నేను లేవలే.
సరికి సరి అనుకున్న.

పన్నెండు ఫీట్లంటె నాకెర్కే.
రెండు జంపకానలు పొడుగుకు పొడుగు పరిస్తె పన్నెండు.
ఒక్కోటి నాలుగు దినాలు.
పంజాతోని పేకను కొట్టీ కొట్టీ
కుడి భుజం ఎడమదానికన్న కిందికి జారింది.
వాడు కొలిచింది మాత్రం
నా చాయ్ సల్లారేంతల.

"ఏం కడ్తరు సారూ?" అనడిగింది భూలచ్చిమి.
"రోడ్డు పెద్దగైతది, మీకే మంచిది."
మంచిదన్న మాట
మా ఇంటికి ఎప్పుడొచ్చినా
పోయేటప్పుడు ఏదో ఒకటి పట్టుకపోయింది.

బాణం మొన సూటిగ పోయి
దర్వాజ పక్కన మా అవ్వ పెట్టిచ్చిన గూటికాడ ఆగింది.
అండ్ల ఫోటో లేదు, విగ్రహం లేదు.
ఓ పసుపు రాయి, కాలిన ఒత్తి,
మా నాయిన వాడి ఇరగ్గొట్టిన నాడె.

గుడికి పోయి పదేండ్లాయె నేను.
దేవుడున్నడా అంటె మాటాడ.
కాని పొద్దుగాల గుంతలకు దిగేముందు
దోనెకు చెయ్యి తాకిచ్చి కండ్లకద్దుకుంట.
దానికి ఇంతవరకు
ఎవ్వలూ రసీదు అడుగలే.

మూడు సోమవారాలు ప్రజావాణికి పోయిన.
అర్జీకి నంబరిచ్చిన్రు.
పిలుస్తరని హాల్ల కింద కూసున్నం.
కూసున్న జంపకాన అంచు చూస్తె
నీలం, కాషాయం, నడుమ ఒక తప్పు పోగు.
నాదే.
బిడ్డకు జెరమొచ్చిన రాత్రి నేసింది.
దాని బిల్లు సొసైటిల ఇంకా తిరుగుతున్నది.
కుర్చీలల్ల ఉన్నోళ్లకు
కింద ఏం పరిచిన్రో తెల్వది.

మంగళారం భూలచ్చిమి
గూటికి పసుపు పూసి, మిగిలిన చెయ్యి
బాణానికి గూడ తుడిచింది.
పన్నెండు మీద కుంకుమ బొట్టు.
"ఏందే ఇది?" అన్న.
"ఇంటి మీదికొచ్చింది ఏదైనా
ఒకపారి మొక్కి సూడాలె గద!"
నవ్వొచ్చింది. నవ్వలే.

ఇప్పుడు బడి పోరగాండ్లు
పరీక్షకు పోయేటప్పుడు ఆ పన్నెండును ముట్టి పోతున్నరు.
ఎదురింటి యాకూబ్ సాయబు సైకిలాపి చూసిండు.
"ఉండనీ భయ్,
వాళ్ల సంతకం కన్న ఇదే నయం" అన్నడు.

వానలు పడ్డయ్.
పసుపు కారిపోయింది, కుంకుమ కారిపోయింది.
సర్కారు రంగు చెక్కు చెదరలే.
భూలచ్చిమి కొంగు నడుముకు చెక్కి
మల్ల గిన్నెల పసుపు కలుపుతున్నది.

కొత్త పడుగు ఎక్కిచ్చిన నిన్న.
ఆర్డరు కలెక్టరాఫీసుదే.
అంచుకాడ, ఎవ్వలకు కండ్లవడకుంట
చిన్న బాణం ఒకటి నేద్దామని చెయ్యి గుంజుతున్నది.
మొన ఎటు దిక్కు పెట్టాల్నో
ఇంకా తెలుస్తలేదు.